తోటాడవలస అమెరికా

పొదుపు ఉత్తర్వు వచ్చి వారం తిరక్కుండానే మంత్రిగారు అమెరికా నుంచి దిగారు. ఆ రెండూ ఒకే వారంలో జరక్కపోయి ఉంటే పొట్నూరు నీలాద్రి బతుకు ఎప్పటిలాగే మూడో అంతస్తులో, ఫ్యాను కింద, నిమ్మళంగా గడిచిపోయేది.

నీలాద్రి విశాఖపట్నంలో విదేశీ విపణుల అధ్యయన సంచాలకాలయంలో పరిశోధన సహాయకుడు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఇరవై మూడు దేశాల మార్కెట్ల మీద నివేదికలు రాశాడు. వాటిలో ఒక్క దేశాన్నీ చూడలేదు. చూడాలని అనుకోనూ లేదు. ఒక అట్లాసూ, నాలుగు పాత పత్రికలూ, కాస్త ఊహా ఉంటే బ్రెజిల్లో చింతపండుకి గిరాకీ ఎంతో చెప్పడం పెద్ద కష్టం కాదని అతని అనుభవం.

మంత్రిగారు పదకొండు రోజులు అమెరికా తిరిగొచ్చి, విమానాశ్రయంలోనే పత్రికల వాళ్ళతో, "అక్కడ ఇంటికో పికప్పు బండి ఉందండీ. డాక్టరుకీ పికప్పే, పంతులుకీ పికప్పే. చాలామటుకు పెట్రోలువి. మన డీజిల్ బండి ఒక్కసారి చూపిస్తే వాళ్ళు వదుల్తారా?" అని అడిగారు. పత్రికల వాళ్ళు నవ్వి ఊరుకున్నారు గాని, ప్రభుత్వం ఊరుకోలేదు. 'అమెరికా విపణిలో డీజిల్ పికప్పు వాహనముల భవితవ్యము' అన్న పేరుతో మర్నాటికల్లా ఒక ఫైలు పుట్టి, మెట్లెక్కి, నీలాద్రి బల్ల మీదికొచ్చి పడుకుంది.

అతను అట్లాసు తీశాడో లేదో, డైరెక్టరు వరాహమూర్తిగారు పిలిచారు. ఆయన ఎవరితో మాట్లాడినా ఎదురుగా టైపిస్టు కూర్చున్నట్టే మాట్లాడతారు.

"పొదుపు ఉత్తర్వులో ఆదేశాలు రెండు. ఒకటి, క్షేత్ర పర్యటన జరపని ఏ నివేదికనూ ఇకమీదట ఆమోదించరాదు. రెండు, ఏ ఉద్యోగీ ఎట్టి పరిస్థితుల్లోనూ విదేశీ పర్యటన చేయరాదు. గ్రహించారా?"

"అమెరికా వెళ్ళాలండి. కానీ వెళ్ళకూడదండి."

"తొందరపడకూడదు. మూడో పేరా చూడండి. 'క్షేత్రము అందుబాటులో లేనియెడల తత్సమాన క్షేత్రమును గుర్తించి ప్రకటించవచ్చును.' కాబట్టి అమెరికాకి తత్సమానమైన క్షేత్రాన్ని మన పరిధిలో గుర్తించండి."

"అమెరికాకి సమానమైనదంటే... ఎలాగండీ?"

"ఇంటికో పికప్పు ఉండాలి. తక్కినవి అప్రస్తుతం."

నీలాద్రి రవాణా కార్యాలయం జాబితాలు ముందేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదో రోజున విజయనగరం అవతల, కొండల వారన, తోటాడవలస అనే ఊరు దొరికింది. తొంభై గడప. ఎనభై మూడు పికప్పులు. ఊరంతా కూరగాయలు పండిస్తారు, ఊళ్ళోకి బస్సు రాదు, ఘాటీ దాటి సంతకి వెళ్ళాలంటే ఎవరి బండి వాళ్ళదే.

"ఇదే అమెరికా," అన్నారు వరాహమూర్తిగారు జాబితా చూసి, తృప్తిగా. "నోటు పెట్టండి. ఒక్క పేజీ దాటకూడదు."

నోటు ఒక్క పేజీ దాటింది. చివరి వాక్యం ఒక్కటే రెండో పేజీలోకి జారి ఒంటరిగా కూర్చుంది. 'ఈ ప్రకటన ప్రస్తుత అధ్యయనమునకు మాత్రమే వర్తించును' అనేది ఆ వాక్యం. నీలాద్రి అక్షరాలు చిన్నవి చేశాడు, అంచులు తగ్గించాడు. అయినా లోపలికి రాలేదు. భోజనానికి వేళయింది. ఎవరు చూడొచ్చారులే అని దాన్ని కొట్టేశాడు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది: 'విజయనగరం జిల్లా, తోటాడవలస గ్రామమును అమెరికాగా పరిగణించవలెను.'

మర్నాడే నీలాద్రి ప్రశ్నల ఫారాలు పట్టుకుని క్షేత్ర పర్యటనకి బయల్దేరాడు. ఊరి మొగలో, బండి తొట్టెలోకి బస్తాలెత్తుతూ ఒకావిడ కనిపించింది. గేదెల పైడితల్లి ఆమె పేరు. ఊళ్ళో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి. నలభై అయిదేళ్ళుంటాయి, కొంగు నడుముకి బిగించి ఉంది.

"అమ్మా, వారాంతాల్లో మీ బండితో పడవ లాగుతారా?" అని అడిగాడు నీలాద్రి.

"పడవేటి బాబూ? కొండ మీద పడవేటి?"

"ఫారంలో ఉందమ్మా. అమెరికా వాళ్ళు లాగుతారట."

"ఆల్లు లాగితే ఆల్లనే అడగండి. నాను వంకాయలు లాగుతాను."

నీలాద్రి 'పడవ' అన్న గడిలో 'వంకాయలు' అని రాశాడు.

"గుర్రాలున్నాయా?"

"గుర్రాలు నేవు. గేదెలోల్లం. ఇంటిపేరే అది."

"డీజిల్ బండే ఎందుకు వాడుతున్నారు?"

పైడితల్లి బస్తా దించి, బానెట్టు మీద చెయ్యి వేసింది. "ఇరవై బస్తాలేసుకోని ఆ గాటీ ఎక్కాల. పెట్రోలు బండయితే సగం దార్లో సచ్చూరుకుంటాది. ఇది మా అత్తలాటిది బాబూ. సనుగుతాది, దగ్గుతాది, పొగ కక్కుతాది. గానీ పని ఒగ్గదు."

అది విన్నాక నీలాద్రికి కలం ఆగలేదు. 'అమెరికా వినియోగదారులు డీజిల్ ఇంజనును తమ కుటుంబములోని పెద్దదిక్కుగా భావించుచున్నారు' అని రాసుకున్నాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు, ఏదైనా అవసరమైతే చెయ్యమని తన ఆఫీసు ఫోను నంబరు ఇచ్చాడు. పైడితల్లి అతనికి రెండు కిలోల వంకాయలు కట్టి ఇచ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఏ దేశమూ అతనికి అలాంటి మర్యాద చెయ్యలేదు.

నివేదిక సంచలనమైంది. ఎనభై ముగ్గురు అమెరికా వినియోగదారుల్ని ముఖాముఖి కలిస్తే ఎనభై ముగ్గురూ డీజిలే కావాలన్నారు. మంత్రిగారు ఆ పేజీని పటం కట్టించుకున్నారు. ఒక కర్మాగారం వాళ్ళు ఉత్సాహపడి, అమెరికా పద్ధతిలో ఎడమవైపు స్టీరింగు పెట్టి పధ్నాలుగు డీజిల్ పికప్పులు తయారు చేశారు. రేవుకి తోలుకెళ్ళే ముందు, చిరునామా సరిచూసుకుందామని ఫైలు తెరిచారు. ఫైల్లో అమెరికా ఎక్కడుందో స్పష్టంగా ఉంది. ఘాటీ ఎక్కించి, తోటాడవలస బడి ముందు వరసగా నిలబెట్టి, 'అమెరికాకు తొలి విడత ఎగుమతి' అని బ్యానరు కట్టి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు.

"ఇయ్యెవలికి?" అని అడిగింది పైడితల్లి, ఖాళీ లారీ ఎక్కబోతున్న ఆఖరి మనిషిని.

"అమెరికాకి," అన్నాడతను.

"అమెరికావోడు ఎప్పుడొచ్చి అట్టుకెల్తాడు?"

అతను జేబులోంచి ఉత్తర్వు తీసి చూసుకున్నాడు. "మీరేనమ్మా," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ ఎగుమతి సంగతి తక్కిన శాఖలకి తెలియడానికి వారం పట్టింది. అమెరికాకి ఇంత సరుకు పంపాలని ప్రతి శాఖకీ ఏటా ఒక లక్ష్యం ఉంటుంది, ఏ ఏడూ అది నెరవేరదు. ఇప్పుడు అమెరికా ఒక్క పూట ప్రయాణంలో ఉంది. రొయ్యలు వచ్చాయి. మామిడి గుజ్జు పీపాలు వచ్చాయి. గోనె చాపలు, అగరుబత్తీలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు వచ్చాయి. మొదట్లో ఊరికి పండగ్గానే ఉంది. మూడో వారానికి పిల్లులు కూడా రొయ్యల వాసనకి మొహం తిప్పుకున్నాయి. రాష్ట్రం మాత్రం అమెరికా ఎగుమతుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. వరాహమూర్తిగారికి శాలువా కప్పారు.

అంత వ్యాపారం సాగే దేశానికి సరిహద్దు లేకపోవడం ఏమిటని ఎవరో పెద్ద అధికారికి అనుమానం వచ్చింది. ఊరి మొదట్లో కల్వర్టు దగ్గర అడ్డంగా ఒక వెదురు బొంగు కట్టి, ఊరి వైపున్న పంచాయతీ గదిలో సుంకం ఇన్స్పెక్టరు సన్యాసినాయుణ్ణీ, ఇద్దరు గుమస్తాల్నీ దింపారు.

మూడు నెలలు కావస్తుండగా నీలాద్రి ఆఫీసులో ఫోను మోగింది. తీసిన గుమస్తా లేచి నిలబడి, రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, "సార్, అమెరికా నుంచి!" అన్నాడు.

"బాబూ, నాను. పైడితల్లిని. అమెరికా నుండి మాట్లాడతన్నాను," అంది అవతలి గొంతు. "మీరొక్కసారి రావాల."

నీలాద్రి వెళ్ళేసరికి వెదురు బొంగు ముందు పైడితల్లి బండి ఆగి ఉంది. తొట్టెలో ఇరవై బస్తాల వంకాయలు. మూడు రోజులైంది. ముచికలు నల్లబడి, కాయ ముడతలు పడింది. ఆ బండి వెనక ఊరి బళ్ళన్నీ వరసగా ఉన్నాయి, బెండకాయలతో, ఆనపకాయలతో.

"విదేశీ వ్యవసాయోత్పత్తులండీ," అన్నాడు సన్యాసినాయుడు వినయంగా. "వీటి ద్వారా దేశంలోకి తెగుళ్ళు ప్రవేశించకుండా ఇరవై ఒక్క రోజులు పరిశీలనలో ఉంచవలెనని మూడు రోజుల కిందటే నిబంధన వచ్చింది. పైగా ఈవిడ దగ్గర పాస్‌పోర్టు లేదు."

"ఇరవై ఒక్క రోజులకి వంకాయ ఏమవుతుందండీ?"

"ఆ విషయంలో నిబంధన మౌనంగా ఉందండి."

పైడితల్లి నీలాద్రిని పక్కకి పిలిచింది. ఒక బస్తా మూతి విప్పి, కుళ్ళిన కాయ తీసి అతని అరచేతిలో పెట్టింది. అది మెత్తగా నలిగి, రసం మణికట్టు దాకా కారింది.

"దీన్ని ఏ గడిలో రాస్తారో రాయండి," అంది. "బియ్యం డిపో ఆయన మా కార్డులు తీసీసుకున్నాడు. పైదేశపోల్లకి బియ్యం నేవంట. ముసిలోల్ల పించన్లు ఆపీసినారు. మాకు రొయ్యలున్నాయి కదాని అంటన్నారు. నాలుగు నెల్లు సాకిన పంట బాబూ ఇది. మేమేటి పాపం సేసినాం? మీరడిగినారు, మేం సెప్పినాం. అంతే గదా."

నీలాద్రి చెయ్యి తుడుచుకోలేదు. ఇన్నేళ్ళూ అతని రాతల వల్ల ఎవరికీ లాభం కలగలేదు గాని, నష్టమూ కలగలేదు. ఆ ధైర్యంతోనే రాస్తూ వచ్చాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడు. "ఒక వాక్యం కొట్టేశాను. ఇదంతా ఆ ఒక్క అధ్యయనానికేనని ఉండాల్సిన వాక్యం."

"ఒక్క ముక్కేనా?"

"ఒక్క ముక్కే."

"మరి మల్లీ ఎట్టీండి."

పెట్టడానికి అతను ఆ రోజే వైజాగు తిరిగొచ్చి, వరాహమూర్తిగారి ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ప్రకటించిన దేశాన్ని ఒక వాక్యంతో రద్దు చేస్తారా? ప్రపంచం ఏమనుకుంటుంది? పైగా సంచాలకుడు స్వయంగా క్షేత్ర తనిఖీ జరిపిన మీదటగాని ఏ ప్రకటననూ సవరించరాదు."

"అయితే తమరొకసారి రండి."

"వస్తాను. బుధవారం వస్తున్నాను. అయితే రద్దుకి కాదు." ఆయన సొరుగులోంచి ఒక పటం తీసి బల్ల మీద పరిచారు. తోటాడవలసని ఆనుకుని ఉన్న రెండూళ్ళ చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత ఉంది. "ఇది కెనడా. ఇది మెక్సికో. సరిహద్దు స్తంభాలకి శంకుస్థాపన చేస్తాను."

నీలాద్రి మూడు రోజులు సెలవు పెట్టి మళ్ళీ కొండ దారి పట్టాడు. పాల కేంద్రం అరుగు మీద ఊరి వాళ్ళు కూర్చుని ఉన్నారు. కెనడా, మెక్సికోల సంగతి చెప్పాడు. పక్కూళ్ళలో అందరికీ చుట్టాలున్నారు.

"బాబూ, ఒక మాట," అంది పైడితల్లి. "నాను కల్వొట్టు దాటి ఆల్ల దేశం ఎల్లాలంటే పాసుపోట్టు కావాలంటన్నాడు గదా ఆ నాయుడు. మరి ఆల్లు కల్వొట్టు దాటి మా దేశం రావాలంటే అక్కర్నేదేటి?"

నీలాద్రి సంచీలోంచి కాగితాల కట్ట తీశాడు.

అతనికి బాగా వచ్చిన పని అదొక్కటే. పాల కేంద్రంలోనే కూర్చుని ఆ సాయంత్రమంతా రాశాడు: 'తోటాడవలస అమెరికా ప్రవేశానుమతి నిబంధనలు', ముప్ఫై రెండు సెక్షన్లు, నాలుగు అనుబంధాలు, మూడు ప్రతుల్లో నింపాల్సిన ఫారం. ఈసారి ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యలేదు. గ్రామసభ చేతులెత్తి ఆమోదించింది. కల్వర్టు ఇవతల ఒక బల్లా, రెండు కుర్చీలూ వేశారు.

బుధవారం ఉదయం వరాహమూర్తిగారి కారు వెదురు బొంగు అవతల ఆగింది. కారు దిగి, నాలుగడుగులు వేసి, బొంగు కింద నుంచి వంగి ఇవతలికి వచ్చారు. ఎదురుగా బల్ల, బల్ల వెనక పైడితల్లి, పక్కన కాగితాలతో నీలాద్రి.

"నీలాద్రీ! ఏమిటిది?"

"వీసా అండి. ఫైలు ప్రకారమే."

ఫైలు ప్రకారం అన్న మాట విన్నాక వరాహమూర్తిగారు తిరగబడలేరు. అది ఆయన స్వభావంలోనే లేదు. ఫారం మూడు ప్రతులూ నింపి, వేలిముద్రలు వేసి, నిలబడ్డారు.

"ఏల ఒచ్చినారు?" అని అడిగింది పైడితల్లి.

"తనిఖీ నిమిత్తం."

"ఎన్నాల్లుంటారు?"

"ఒక్క పూట."

"ఎనక్కి ఎల్లిపోతారని రుజువేటి?"

"విశాఖపట్నంలో నాకు సొంత ఇల్లుంది! భార్య ఉంది! ఉద్యోగం ఉంది!"

పైడితల్లి తల అడ్డంగా ఊపింది. "అందరూ అలగే సెప్తారు బాబూ. మా నాయుడుబాబు రెండ్రోజులకని ఒచ్చినాడు. మూన్నెల్లయినాది. రొయ్యలు మరిగినాడు, కదల్డు. మీకూ రొయ్యలంటే ఇష్టమేనా?"

వరాహమూర్తిగారు నిజాయితీపరులు. ఒక్క క్షణం తడబడ్డారు.

"అదిగో," అంది పైడితల్లి. "ఇవ్వలేం. మల్లీ వచ్చే ఏడు దసరాలెల్లినాక రండి."

ఆయన మొహం ఎర్రబడింది. "అన్యాయం! నేను పైవారికి రాస్తాను!"

నీలాద్రి గొంతు సవరించుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరిని చూసి లేచి నిలబడుతూ వచ్చాడో, ఆ మనిషికి ఎదురు చెప్పడం అతనికిదే మొదలు. "రాయవచ్చండి. కాకపోతే పొదుపు ఉత్తర్వు రెండో ఆదేశం ఉంది. ఏ ఉద్యోగీ ఎట్టి పరిస్థితుల్లోనూ విదేశీ పర్యటన చేయరాదు. తమరు కల్వర్టు దాటి నిలబడ్డారు."

వరాహమూర్తిగారు కిందికి చూసుకున్నారు. చెప్పులు రెండూ అమెరికాలో ఉన్నాయి. ఆయనకి పదవీ విరమణ ఇంకా ఎనిమిది నెలలుంది. ఒక చెప్పు కాలికి ఉండగానే, రెండోది వదిలేసి, బొంగు అవతలికి దాటారు.

ఇదంతా పంచాయతీ గది కిటికీలోంచి వింటున్న సన్యాసినాయుడు ముందు తన గుమస్తాల వైపు చూశాడు, తర్వాత పెట్టె సర్దుకున్నాడు. మూడు నెలలు, అనుమతి లేకుండా, విదేశంలో. "అమ్మా, మమ్మల్ని ఆ ఒడ్డుకి దింపేస్తారా?" అని పైడితల్లిని బతిమాలుకున్నాడు. "ఎవరైనా అడిగితే మేం రాలేదని చెప్పండి." ముగ్గురూ ఆమె బండి వెనక, ఆ ఉదయమే కోసిన వంకాయల మధ్య కూర్చున్నారు. బొంగు ఎత్తడానికి మనుషులు లేకపోతే నాయుడే దిగి ఎత్తాడు. వెనక ఎనభై రెండు బళ్ళూ కదిలాయి. ఘాటీ అంతా పొగతో నిండిపోయింది.

వరాహమూర్తిగారు కారు బానెట్టు మీదే ఉత్తర్వు రాశారు. 'అమెరికాను తక్షణమే రద్దుపరచడమైనది.' కొత్తగా ఏ దేశాన్నీ ఏర్పరచబోమని కూడా నీలాద్రి ఒక వాక్యం చేర్పించాడు. ఆయన గొణుక్కుంటూనే సంతకం పెట్టారు. వారంలో రేషన్ కార్డులు వచ్చాయి, పించన్లు వచ్చాయి. బొంగు దగ్గర ఎండలో మగ్గిన వంకాయలకి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. వాటిని పొలంలోనే దున్నేశారు.

ఆ నెల రాష్ట్రపు అమెరికా ఎగుమతులు సున్నాకి పడిపోయాయి. గగ్గోలు పుట్టింది. విచారణ సంఘం వేశారు. రెండు నెలలు చర్చించి, అమెరికాలో అకస్మాత్తుగా ప్రభుత్వం పడిపోవడమే ఇందుకు కారణమని సంఘం తేల్చింది.

ఎడమ స్టీరింగు బళ్ళు పధ్నాలుగూ సంచాలకాలయానికే తిరిగొచ్చాయి. వాటిని తోలడం, ఆ మూడు నెలల్లో నేర్చుకున్న తోటాడవలస వాళ్ళకి తప్ప ఎవరికీ రాదు కాబట్టి వాళ్ళే తెచ్చి ఆవరణలో వరసగా పెట్టారు. వేలం ప్రకటన రాయమని నీలాద్రికి చెప్పారు. ఫైల్లో ఉన్నది ఉన్నట్టు, 'అమెరికా నుంచి తిరిగి వచ్చిన డీజిల్ పికప్పు వాహనములు' అని రాశాడు.

వేలం నాడు బీచి రోడ్డు దాకా జనం. పైడితల్లి తాను తెచ్చిన బండి మెట్టు మీద కూర్చుని, నీలాద్రి తెప్పించిన టీ తాగుతోంది. గళ్ళ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, తలుపు మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"అమెరికా వాడి ఇనుమే వేరండీ," అన్నాడు నీలాద్రితో. "మనవాళ్ళు ఏడుజన్మలెత్తినా ఇలా చెయ్యలేరు." తర్వాత పైడితల్లి వైపు తిరిగాడు. "మీరేనామ్మా అక్కడ ఈ బండి నడిపింది? అమెరికాలో చాలాకాలం ఉన్నారా?"

"పుట్టి పెరిగిందే అక్కడ బాబూ," అంది పైడితల్లి.

పెద్దమనిషి రెండు చేతులూ జోడించాడు. "అయినా చూడండి," అన్నాడు గద్గదంగా, "తెలుగు మర్చిపోలేదు!"